ఆటల గంట ఏమైనది?

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో 2003-04లో సంభవించిన మరణములను వైద్యపరిశోధకులు విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవని తేలెను. పట్టణవాసుల రోగమనుకొన్నది వరిచేల నడుమ జొచ్చినది. నాళములలో కొవ్వు పేరుకొనుట కౌమారముననే ఆరంభమగును. కావున చికిత్సయు బడియందే ఆరంభము కావలెను.

బాలబాలికలకు దినమున కొక గంట దేహపరిశ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ యనుచున్నది. 2016 నాటి దాని లెక్కలో నూటికి 81 మంది కది లేదు.

అమలాపురము సాత్విక్ సాయిరాజును గన్న యూరు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో గూడి అతడు బాడ్మింటనున స్వర్ణపతకము గొనగా మనమెల్లరము సంతసించితిమి. ఆ సాయంత్రమే మన పిల్లలను ట్యూషనునకు బంపితిమి! బడి కాలపట్టికలో ఆటల గంట ఉండకపోదు. పరీక్షలు సమీపింపగనే అది గణితమున కర్పితమగును. బాలికల మాట చెప్పనే యక్కఱలేదు.

అరటి, చేప, ఆకుకూరలకు కొదువలేని కోనసీమలో పిల్లలు చిప్సు పొట్లములతో ఆకలి దీర్చుకొనుచున్నారు. కొవ్వు, చక్కెర, ఉప్పు మిక్కుటమగు పదార్థములను బడిలోనేగాక బడి గేటునకు 50 మీటర్లలోపలను అమ్మరాదని 2020లోనే కేంద్రము నిబంధన చేసినది. ఆ 50 మీటర్లను కొలిచినవారిని మే మింతవఱకు చూడలేదు. అధికారులు ఈ వారమే టేపు చేతబట్టి బయలుదేరవలెనని కోరుచున్నాము.