గల్ఫ్ బాకీ ఎవరి ఖాతాల?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మాల మాదిగ వాడల నుంచి మనోళ్లు గల్ఫ్‌కు పోతున్నరు. సోకుకు కాదు, గుంటెడు భూమి లేక. అన్నలారా, విమానం ఎక్కకముందే లెక్క కట్టండి. మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు 4,500 మిత్తికే. రెండేండ్ల ఒప్పందానికి 1,08,000. అసలు అట్లనే ఉంటది! తిండి, గది కిరాయి కంపెనీవా, మనవా? సంతకానికి ముందే చదివించుకోవాలె. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుం 30,000, దానిమీద జీఎస్టీ దాటొద్దని సర్కారు నిబంధన. పైసా ఇస్తే రసీదు అడగాలె. ఊర్ల వెట్టిని ఎదిరించిన మనం దొర మిత్తి కోసం ఎడారిల వెట్టి చేద్దామా? భూమి పంచని, బ్యాంకు గడప తొక్కనియ్యని ఏలికలే ఈ బాకీకి జవాబుదారులు. పోయేటోళ్లు లెక్కతోని పోవాలె. ఉన్నోళ్లం భూమి కోసం కొట్లాడాలె.