పేరు తెలియని మాత్ర మింగవద్దు



బోనసు గురించి, డి.ఏ. గురించి, పనిభారం గురించి ఈ పేజీలో ఎన్నోసార్లు రాశాం. బహిష్టు గురించి రాయాలంటే మాత్రం మనకే మొహమాటం. ఇంట్లో ‘బయట ఉంది’ అంటాం. మిల్లులో అదీ అనలేక ‘తలనొప్పి’ అంటాం. ఆ మొహమాటం వల్ల నష్టపోతున్నది రింగ్‌ఫ్రేముల దగ్గర, కోన్ వైండింగులో, కుట్టు మిషన్ల ముందు షిఫ్టంతా పనిచేసే మన అక్కచెల్లెళ్ళు. కాబట్టి ఇది యూనియను సంగతే.

2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు తమిళనాడు గార్మెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే సుమారు వందమంది స్త్రీలతో మాట్లాడారు. బహిష్టు నొప్పి అని చెబితే సూపర్‌వైజర్లు పేరూ, గడువు తేదీ లేని మాత్రలు చేతిలో పెడుతున్నారని బయటపడింది. మనిషి లేచి వెళ్ళకూడదు, ప్రొడక్షను ఆగకూడదు. అదీ లెక్క.

తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసిన మనిషిని ఇలా మభ్యపెట్టడం కష్టం. అందుకే కొన్ని సంగతులు చెబుతున్నాం.

బహిష్టుకూ బహిష్టుకూ మధ్య 28 రోజులే ఉండాలని లేదు. 21 నుండి 35 రోజుల లోపు ఎంతైనా సహజమే. షిఫ్టులు మారినా, నిద్ర చెడినా, తిండి తగ్గినా తేదీ అటూ ఇటూ కావచ్చు. రక్తం రెండు నుండి ఏడు రోజులు కనబడుతుంది. మొత్తం పోయేది మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే టీకొట్టు చిన్నగ్లాసులో సగం.

నెల మధ్యలో అండాశయం నుండి అండం విడుదలవుతుంది. అప్పుడు కోడిగుడ్డు తెల్లసొనలాగా సాగే తెల్లబట్ట కావడం జబ్బు కాదు. తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. ఒంటి వేడి కొంచెం హెచ్చుతుంది. రొమ్ములు సలుపుతాయి, పొట్ట ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది. గర్భం రాకపోతే ఆ హార్మోను తగ్గిపోయి, గర్భసంచి లోపలి పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. దాన్ని నెట్టడానికి గర్భసంచి బిగుసుకుంటుంది. పొత్తికడుపు, నడుము నొప్పి అందుకే. ఇందులో మైల లేదు, అంటు లేదు.

గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా, ఏడు రోజులు దాటినా, గర్భం లేకుండా మూడు నెలలు ఆగినా, లేవలేనంత నొప్పి ఉన్నా, తెల్లబట్ట దుర్వాసన కొట్టినా, ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడినా ఇ.ఎస్.ఐ. డాక్టరుకు చూపించుకోవాలి. ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే రక్తపరీక్ష అడగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

నొప్పి మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్న తర్వాత వేసుకోవచ్చు. ఖాళీ కడుపున, ఎన్ని పడితే అన్ని మింగితే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు చెడతాయి. ఎవరు ఇచ్చినా పేరు అడగండి. అట్ట చూపించమనండి. చూపించకపోతే మింగవద్దు, యూనియనుకు చెప్పండి.

స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి మాట. అయినా మరుగుదొడ్డికి పోతే నిమిషాలు లెక్కపెడతారని నీళ్ళు తాగడమే మానుకునేవాళ్ళు మనలో ఉన్నారు. 2024 ఆగస్టులో ఒడిశా ప్రభుత్వం నెలకు ఒకరోజు బహిష్టు సెలవు ప్రకటించింది. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం జీతంతో అలాంటి సెలవునే ఆమోదించింది. మంచిదే. కానీ సెలవు అడిగిన అమ్మాయిని అందరి ముందు వెక్కిరించే సూపర్‌వైజరు ఉన్నచోట ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

అందుకని ప్రతి యూనిట్లో మన కమిటీలు అడగవలసినవి ఇవి: నీళ్ళున్న, తలుపు గడియపడే మరుగుదొడ్లు, గుడ్డలు, ప్యాడ్లు పారవేయడానికి మూతబుట్ట, కాసేపు నడుం వాల్చడానికి గది, మందులు నర్సు చేతిమీదుగానే ఇవ్వడం.

సోదరులకు ఒక్క మాట. ఈ పేజీ చదివి మడిచి జేబులో పెట్టుకోకండి. ఇంటికి తీసుకువెళ్ళి మీ భార్యకు, చెల్లెలికి, కూతురికి ఇవ్వండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.