లోపం చూపిస్తే కేసా? హైదరాబాద్ టెకీ అరెస్టు లేపిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది

సాఫ్ట్‌వేర్‌లోనో, యంత్రంలోనో భద్రతా లోపం ఉందని ఎవరైనా బయటపెడితే ముందు జరగాల్సింది ఏంటి? అది నిజమో కాదో చూడటం. కానీ చాలాసార్లు ముందు వచ్చేది లీగల్ నోటీసు, కాదంటే పోలీసులు. ‘లోపం ఉందా’ అన్నది పక్కకుపోయి, ‘నీకు అది ఎక్కడిది’ అన్న ప్రశ్న ముందుకొస్తుంది. దీనికి పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది.

2010 ఆగస్టు 21న మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ వచ్చి వేమూరి హరికృష్ణ ప్రసాద్‌ను ఇంట్లోనే అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. అప్పటికి ఆయన నెట్‌ఇండియా అనే టెక్ సంస్థ ఎండీ. అంతకు నాలుగు నెలల ముందే అమెరికాలోని మిషిగన్ వర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్‌తో కలిసి మన ఈవీఎంపై పరిశోధన విడుదల చేశారు. డిస్‌ప్లే బోర్డు మార్చేస్తే తప్పుడు ఫలితం చూపించొచ్చని, మెమొరీ చిప్‌కు చిన్న పరికరం క్లిప్పులా తగిలించి నమోదైన ఓట్లనే మార్చొచ్చని అసలు యంత్రం మీదే చేసి చూపించారు. రెండింటికీ యంత్రం చేతికి చిక్కాలి, అది నిజమే.

పోలీసులు పట్టుకుంది మాత్రం ఆ యంత్రాన్నే. ముంబైలోని ప్రభుత్వ గోదాము నుంచి ఈవీఎం చోరీ అయిందన్నది కేసు. ఎవరిచ్చారో చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. వారం తర్వాత బెయిల్ వచ్చింది. అదే పరిశోధన ఆ ఏడాది అక్టోబరులో షికాగోలో అంతర్జాతీయ కంప్యూటర్ భద్రతా సదస్సు ముందుకెళ్లింది.

మరి అడిగి తీసుకోవచ్చు కదా? ఆ ప్రయత్నమూ జరిగింది. 2009 సెప్టెంబరులో ఈసీ పిలిస్తే హరిప్రసాద్ బృందం వెళ్లింది. పరీక్ష మధ్యలోనే ఆపేశారని బృందం అంటే, లోపం చూపించలేకపోయారని ఈసీ అంది. అన్నట్టు, ఈవీఎంలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ ఉన్నదీ హైదరాబాద్‌లోనే!

హాల్డర్‌మన్‌కు ఈ బెదిరింపులు కొత్త కాదు. 2003లో ప్రిన్స్‌టన్‌లో చదువుతున్నప్పుడు, కాపీ కాకుండా సన్‌కామ్ సంస్థ చేసిన మ్యూజిక్ సీడీ రక్షణ కంప్యూటర్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే పనిచేయదని రాశారు. కోటి డాలర్ల దావా వేస్తామని సంస్థ హెచ్చరించింది. నవ్వులపాలై వెంటనే వెనక్కి తగ్గింది.

మన ఐటీ చట్టం సంగతేంటి? యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడమే సెక్షన్ 43 కింద తప్పు. మోసపూరిత ఉద్దేశం ఉంటే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా. ఉద్దేశం ఏంటన్నది కోర్టు తేల్చాలి. ఈలోగా ఫోన్, ల్యాప్‌టాప్ పోలీసుల దగ్గరే ఉండిపోవచ్చు. సద్బుద్ధితో చేసిన పనికి సెక్షన్ 84 రక్షణ ఇస్తుంది. కాకపోతే అది ప్రభుత్వానికి, దాని అధికారులకే! పరిశోధకుడి ఊసే లేదు.

2018 జనవరిలో 500 రూపాయలకే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని ట్రిబ్యూన్ పత్రిక రాస్తే, యూఐడీఏఐ ఇచ్చిన ఫిర్యాదుపై నమోదైన ఎఫ్‌ఐఆర్‌లో ఆ కథనం రాసిన రిపోర్టర్ పేరు కూడా చేరింది. విమర్శలు రాగానే పత్రికా స్వేచ్ఛను గౌరవిస్తామంది సంస్థ. అదే నెలలో ఆధార్ నంబర్ బదులు వాడుకునే 16 అంకెల వర్చువల్ ఐడీని ప్రకటించింది.

పరిశోధకుడి ముసుగులో డేటా దోచేవాళ్లూ లేకపోలేదు. అందుకే అమెరికా న్యాయశాఖ 2022 మేలో గీత గీసింది. సద్బుద్ధితో చేసిన భద్రతా పరిశోధనపై హ్యాకింగ్ చట్టం కింద కేసు పెట్టొద్దని ప్రాసిక్యూటర్లకు చెప్పింది. లోపాన్ని అడ్డుపెట్టుకుని డబ్బులు గుంజేవాళ్లకు అది వర్తించదనీ తేల్చింది.

ఇక్కడ, ఓటుకు కాగితపు రుజువు తప్పనిసరని సుప్రీంకోర్టు 2013 అక్టోబరులో చెప్పింది. వీవీప్యాట్ వచ్చింది. అయినా 2019 ఏప్రిల్‌లో టీడీపీ బృందంతో హరిప్రసాద్ ఈసీ దగ్గరకు వెళ్తే, ఆయనపై చోరీ కేసు ఉందంటూ ఈసీ అభ్యంతరం చెప్పింది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు మళ్లీ బ్యాలెట్ పేపర్‌కు వెళ్లాలన్న వాదనను తోసిపుచ్చుతూనే, ఓడిన అభ్యర్థులు కోరితే 5 శాతం ఈవీఎంల చిప్‌లను పరిశీలించే అవకాశం ఇచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో, ఖర్చు కట్టి అడగాలి. పరిశీలించేది మాత్రం వాటిని తయారుచేసిన సంస్థల ఇంజినీర్లే.