అన్నీ మార్చడమేనా రిపేరు?

అప్పో సప్పో చేసి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న కుటుంబాలు ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఉన్నాయి. ఆ కారు ఇంజను మిస్సవుతోందని టౌనుకు తీసుకువెళ్తే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే ‘ప్లగ్గులు, కాయిళ్లు అన్నీ మార్చాలి’ అంటున్నారు. ఈ పద్ధతి పోవాలి.

నిరుడు నా కారుకు నాలుగు కాయిళ్లూ మార్చారు. వణుకు తగ్గలేదు. వేరొకరు చూస్తే, పైకవరు గాస్కెట్ కారి మూడో ప్లగ్గు గుంటలో ఆయిలు నిలిచి ఉంది! కాయిల్ ఊడదీసినవారికి అది కనబడలేదంటే నమ్మాలా?

స్కానరు పెడితే ‘పి 0303’ అని వస్తుంది. మూడో సిలిండరు సరిగా మండటం లేదని దాని అర్థం. ఎందుకో అది చెప్పదు. సిలిండరుకొక కాయిల్ ఉన్న కార్లలో మూడోదాన్ని తీసి రెండోచోట, రెండోదాన్ని మూడోచోట బిగించి నడపాలి. తప్పు 0302కు మారితే కాయిలే పోయిందన్నమాట. మారకుంటే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ వరుసగా చూడాలి. పైసా సామాను అక్కరలేని పరీక్ష ఇది.

ఒక్క హెచ్చరిక. డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే బండిని పక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు కాయిల్ ఏపాటి?

మెకానిక్ సోదరులు నొచ్చుకోవద్దు. పరీక్షకు కూలి విడిగా అడగండి, ఇస్తాం. విప్పిన పాత సామాను మాత్రం మా చేతికివ్వండి.