డ్రోంబెగ్ శిలావలయము: భయము కాచినది, విద్య కాచునా?

ఐర్లండు దేశపు దక్షిణభాగమున, కార్క్ జిల్లాలో, గ్లాండోర్ అను పల్లెకు చేరువగా డ్రోంబెగ్ అను శిలావలయము కలదు. అది పెద్దది కాదు; అడ్డుకొలత సుమారు 9 మీటర్లు. తొలుత 17 రాళ్ళుండెను. నేడు 13 మిగిలినవి. ఈశాన్యమున రెండు ఎత్తైన రాళ్ళు ద్వారబంధమువలె నిలిచియుండగా, వానికెదురుగా నైరృతిమూల ఒక బల్లపరుపు రాయి పరుండియున్నది. డిసెంబరులో పగలు మిక్కిలి కురుచయైన దినమున సూర్యుడు ఆ రాతి దిక్కునకే, దూరపు కొండల నడిమి పల్లములోనికి క్రుంకును.

చుట్టుపట్ల జనులు దీనిని డ్రూయిడ్ల బలిపీఠమని పిలిచిరి. డ్రూయిడ్లనగా ప్రాచీన కెల్టుల పురోహితులు. 17, 18 శతాబ్దులలో ఆబ్రే, స్ట్యూక్లీ వంటి ఆంగ్లపండితులు సైతము శిలావలయములను వారికే ఆపాదించిరి. కాని 1957, 1958 సంవత్సరములలో ఎడ్వర్డ్ ఫాహీ ఇచ్చట త్రవ్వకములు జరిపినపుడు వలయమధ్యమున పగిలిన కుండలో కాలిన ఎముకలు దొరకినవి. అవి కౌమారము దాటని ఒక మానవునివి. రేడియోకార్బన్ పరీక్షలు ఈ నిర్మాణకాలమును క్రీ.పూ. 1100–800 నడుమ నిలిపినవి. డ్రూయిడ్లను వర్ణించిన జూలియస్ సీజరు దీనికి కనీసము ఏడువందల ఏండ్ల తరువాతివాడు. కనుక ఆ పేరునకు ఆధారము లేదు.

ఆధారము లేదు గదా యని జనుల నమ్మికను వట్టి వెర్రిగా త్రోసివేయవచ్చునా? ఐర్లండు పల్లెలలోని పాత మట్టికోటలు అదృశ్యజాతుల నివాసములనియు, వానిని పెకలించినచో కీడు మూడుననియు తరతరముల విశ్వాసము. అందుచే రైతు నాగలి వానిని తప్పుకొని పోయెను. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున యంత్రసేద్యము ప్రబలి, నమ్మిక సడలగా, అట్టివి అనేకములు చదునైపోయినవి. కల్లయైన కథయే ఇంతకాలము నిజమైన కట్టడమునకు కంచెయై నిలిచినది.

ఇది తెలుగువారికి పరాయి మాట కాదు. తెలంగాణమున ఇనుపయుగపు సమాధులను, వాని చుట్టునున్న రాతివలయములను జనులు రాక్షసగుళ్ళనిరి. కృష్ణాతీరమందలి ముడుమాలు నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కినవి. ఏ జాబితాకును ఎక్కని వలయములెన్నో సేద్యమునకు, రాతిగనులకు బలియైనవి.

విద్య భయమును పోగొట్టవలసినదే. కాని పోగొట్టి ఊరకుండుట సగము పని. “ఇది రాక్షసులది కాదు” అని చెప్పిన ఉపాధ్యాయుడు “మరి ఎవరిది?” అను ప్రశ్నకు సిద్ధపడవలెను. ఇనుము ఎరుగనివారు ఇంతేసి రాళ్ళనెట్లు నిలిపిరి? సూర్యుని గతిని ఎన్నేండ్లు కనిపెట్టియుందురు? అల్పాయుష్కుడైన ఒకని అస్థికలను వలయము నడుమనే ఏల ఉంచిరి? ఇట్టి ప్రశ్నలలో చరిత్ర, గణితము, భూగోళము ఒక్కచోట కలియును. వీనికి పాఠ్యపుస్తకముకన్న ఊరిబయటి పొలము మేలైన పాఠశాల.

రాళ్ళను లెక్కించి, దిక్కులు గుర్తించి, పటము గీసిన బాలుడు రేపు ఆ పొలమునకే యజమాని కావచ్చును. నాడు గునపమెత్తబోయిన వాని చేతిని రాక్షసభయము ఆపదు. తాను గీసిన పటమే ఆపవలెను.