పూత రాకముందే పీకాలె

వాన పడి నెల దాటిందంటే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా రోడ్ల పక్కన, ప్లాట్లు కొట్టి వదిలేసిన భూముల్లో, బడి గోడల వెంట, మన వాడల వెనక తెల్లటి పూలు కనబడతయ్. వయ్యారిభామ. ఆ పేరు పెట్టినోడు ఎవడోగాని, వాడు దాన్ని ఒక్కనాడూ చేత్తో పీకి ఉండడు. పీకేది మన అక్కలు. కాంట్రాక్టు కింద రోడ్లు ఊడ్చే అక్కలు, పంద్రాగస్టు ముందు బడి ఆవరణ సాఫు చెయ్యమంటే వచ్చే కూలీలు. చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. నాలుగేండ్లు ఇట్ల పీకినంక కొందరికి మోచేతి మడతల్లో, మెడ మీద, కంటి రెప్పల మీద దద్దు లేస్తది. తోలు మందమై నల్లబడతది, రాత్రంతా గీరుకోవడమే. ఇంకొందరికి తెల్లారుజామున ఊపిరి ఆడదు. దవాఖానకు పోతే "ఏం తిన్నవ్?" అని అడుగుతరు. "ఏం పని చేస్తవ్?" అని అడిగే డాక్టరు దొరకడం అదృష్టమే.

అట్రాసిటీ కేసులు నడుస్తుంటే, అసైన్డు భూములు చేతులు మారుతుంటే మీరు గడ్డి మీద సంపాదకీయం రాస్తరా అని సంఘం మిత్రులే కొందరు అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. మా జవాబు ఇది: బయటి నుంచి వచ్చిన మొక్క, బయటి నుంచి వచ్చిన పురుగు, ఒంట్లో చేరిన జబ్బు మూడూ ఒకే తీరుగ పెరుగుతయ్. మొదట్లో చిన్నగ, చవకగ ఉంటయ్. అప్పుడు చూసేది వాడ. కాని వాడ మాట ఎవరూ వినరు. ముదిరినంక సర్కారు వస్తది, కంపెనీ వస్తది, కార్పొరేట్ ఆస్పత్రి వస్తది, బిల్లు వస్తది. ఆలస్యమైన ప్రతి రోజుకూ కిరాయి కట్టేది మన ఒళ్లు. ఇది కూడా కులం లెక్కే.

సర్కారు తుమ్మ సంగతే చూడండి. ఆ చెట్టు మనది కాదు, అమెరికా ఖండంది. వంటచెరుకు కోసమని తెల్లదొరల అటవీ శాఖ 1877 ప్రాంతంలో విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించింది. జనం దానికి పెట్టిన పేరు చాలు, ఎవరు తెచ్చారో తెలియడానికి. ఈ రోజు చెరువు శిఖాల్లో, బంజర్లలో, కాలువ గట్ల మీద అదే. దాని కింద గడ్డి మొలవదు. ఒక నిజం కూడా చెప్పుకోవాలె: మన ఇండ్లల్లో పొయ్యి మండింది చాలా ఏండ్లు ఆ కట్టెతోనే, బొగ్గు కాల్చి బతికిన కుటుంబాలు ఉన్నయ్. కాబట్టి రేపు దాన్ని కొట్టేస్తమంటే ముందు ఆ కుటుంబాలకు ఏం చూపిస్తరో చెప్పాలె. తెచ్చేటప్పుడు అడగలేదు, తీసేటప్పుడైనా అడగాలె.

వయ్యారిభామది ఇంకో కథ. 1956 నాటికి పూణె దగ్గర కనబడ్డదని శాస్త్రజ్ఞులు రాసిపెట్టారు. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని జనం మాట, అందుకే కాంగ్రెస్ గడ్డి అన్నరు. అంతకు చాలా ముందే మన దేశంలో ఉందని చెప్పే వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఎట్ల వచ్చినా, ఒక్క మొక్క వదిలితే 10 వేల నుంచి 25 వేల దాకా గింజలు రాలుస్తది. గాలికి పోతయ్, లారీ టైరుకు అంటుకుని పోతయ్, ఇసుకతో పోతయ్. రియల్ ఎస్టేటు పేరుతో మట్టి ఎటు పోతే అటు ఈ గడ్డి పోయింది. మేడ్చల్ చుట్టూ మట్టి పోనిది ఎక్కడికి? కండ్లకోయ, దూలపల్లి, కీసర అడవుల అంచుల్లో లంటానా, వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఒకదాని మీద ఒకటి పడి పెరుగుతున్నయ్. మేకలు కాసే పిల్లగాండ్లకు తెలుసు, ఏ ఏడు ఎంత లోపలికి జరిగిందో. ఆ లెక్క ఏ ఆఫీసు రిజిస్టరులో ఎక్కింది?

బయటి పురుగు మనుషుల్ని కూడా చంపిన చరిత్ర మనకు ఉన్నది. 1896లో ఓడల మీద బొంబాయికి ప్లేగు వచ్చింది. హాంకాంగ్ నుంచి వచ్చిందని అంటరు. ముందు ఎలుకలు చచ్చినయ్, తర్వాత మనుషులు చచ్చారు. ఎలుకలు చచ్చినయని మొదట చూసింది రేవు కూలీలు, ధాన్యం గోదాముల్లో పనిచేసినోళ్లు. దొరలు 1897లో అంటురోగాల చట్టం తెచ్చి పేదల ఇండ్లల్లో పడి సోదాలు చేశారు. అదే ఏడు పూణెలో సావిత్రీబాయి ఫూలే దారి వేరు. ఆమె కొడుకు డాక్టర్ యశ్వంత్ నడిపిన దవాఖానకు, ముంధ్వా ఊరి మహర్ పిల్లగాణ్ణి ఆమె తన వీపు మీద మోసుకుని తెచ్చింది. పిల్లగాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటింది. 1897 మార్చి 10న పోయింది. మనం ఆమె ఫోటోకు దండ వేస్తున్నం. ఆమె చేసిన పని ఏంది? రోగం ముదరక ముందే రోగిని దవాఖాన గడప దాటించడం.

చెట్లు పోతే మనుషులకేమవుతదని అడిగేవాళ్లకు అమెరికాలో జరిగింది చెబుతం. ఆసియా నుంచి సరుకుల పెట్టెల చెక్కలో వచ్చిందని అనుకునే ఒక పచ్చ పురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర పట్టుకున్నరు. అప్పటికే పదేండ్ల కింద అది వచ్చి ఉందని తర్వాత తేలింది. బెరడు కింద తొలుచుకుంటూ కోట్ల యాష్ చెట్లను చంపింది. అక్కడి అటవీ శాఖ పరిశోధకులు 2013లో ఒక లెక్క బయటపెట్టారు: పురుగు పడ్డ 15 రాష్ట్రాల్లో గుండె జబ్బుతో, ఊపిరితిత్తుల జబ్బుతో మామూలు కన్నా 21 వేలకు పైగా ఎక్కువ చావులు. పురుగే చంపిందని వాళ్లు అనలేదు, చెట్లు పోవడానికి ఈ చావులకు లంకె ఉందన్నరు. నీడ పోయిన చోట, గాలి చెడిన చోట గుండె మీద భారం పడతదన్నది మనకు కొత్త మాట కాదు. రేకుల ఇంట్ల ఉన్నోన్ని అడిగితే చెబుతడు.

ఇప్పుడు మన మేడ్చల్‌కు వద్దాం. నాగపూర్ రోడ్డు వెంట గోదాములే గోదాములు. సరుకు చెక్క పలకల మీద, చెక్క పెట్టెల్లో దిగుతది. దేశం బయటి నుంచి వచ్చే చెక్కకు ఒక నియమం ఉంది: చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించాలె, లేకపోతే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పెట్టాలె. పెట్టినట్టు ఒక ముద్ర ఉంటది. గోధుమ కంకి బొమ్మ, పక్కన ఐపీపీసీ అని అక్షరాలు, కింద హెచ్‌టీ అంటే వేడి, ఎంబీ అంటే విషవాయువు. అది ఇంగ్లీషులో ఉంటది, దించే హమాలీకి ఎవరూ చదివి చెప్పరు. ముద్ర లేని విదేశీ చెక్క, సన్నటి రంధ్రాల నుంచి పిండి రాలే చెక్క కనబడితే పక్కన పెట్టి చెప్పాల్సింది అతనే. ఎంబీ ముద్ర ఉన్న చెక్కను, నూనెలు రసాయనాలు పీల్చిన చెక్కను ఇంటికి తెచ్చి పొయ్యిల పెట్టొద్దని చెప్పాల్సింది కూడా అతనికే. మేము తిరిగిన చోట ఈ రెండు మాటలు విన్న హమాలీ ఒక్కడూ కనబడలేదు.

చట్టం లేక కాదు. తెగుళ్లు, పురుగుల మీద చట్టం 1914లోనే వచ్చింది, దాని కింద 2003లో దిగుమతుల ఉత్తర్వు వచ్చింది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. మన దూలపల్లిలోనే అటవీ అకాడమీ ఉంది. జామాయిల్ ఆకులకు గడ్డలు కట్టించే ఒక చిన్న కందిరీగ 2001లో కర్ణాటకలో బయటపడి ఆంధ్రప్రదేశ్ తోటల దాకా వచ్చినప్పుడు, దాన్ని తినే ఇంకో సన్న పురుగును పరీక్షలు చేసి తెచ్చి వదిలిన శాస్త్రం మన దేశానికి ఉంది. వయ్యారిభామను తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగుళూరులో వదిలింది కూడా పరీక్ష చేసినంకనే. అంటే జాగ్రత్తగ తెచ్చుడు, గుడ్డిగ తెచ్చుడు రెండూ మనకు తెలుసు. హరితహారంలో ఊరూరా కోనోకార్పస్ నాటించి, జనానికి దమ్ము, దగ్గు అని గోల పుట్టినంక ఇక నాటొద్దన్నది గుడ్డి రకం. ఆ గుంటలు తవ్వింది కూడా మన కూలీలే.

ఇక ఒంటి సంగతి. శామీర్‌పేట మండలం తుర్కపల్లి నుంచి టీకాలు ప్రపంచమంతా పోతయ్. మేడ్చల్ దగ్గరి శాంతా బయోటెక్ 1997లో దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా తెచ్చి, విదేశీ కంపెనీలు వందల్లో అమ్మే మందును పేదోని అందుబాటులోకి దించింది. దాన్ని తక్కువ చెయ్యం. అది మన మట్టి మీద జరిగిన మంచి పని. 1999లో జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టిన్రు. ఆ గేట్ల లోపల ఊడ్చేటోళ్లు, మోసేటోళ్లు, తోటపని చేసేటోళ్లు మన వాడలోళ్లు. సాయంత్రం ఆ గేటు దాటి ఇంటికొస్తే సుగర్ గోళీలు ఈ నెల రాలేదంటరు.

పెద్ద జబ్బు అంటే ఆపరేషన్ అని మనకు అలవాటు చేశారు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ప్రాణాలు నిలబెట్టింది, కాదనం. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలు చేశారు. కాని అది ముఖ్యంగా ఆస్పత్రిలో మంచం ఎక్కినోనికి. మంచం ఎక్కకుండా రోజూ మింగాల్సిన గోళీకి, మూడు నెలలకోసారి చేయించాల్సిన రక్తపరీక్షకు, పోను రాను ఆటో కిరాయికి, పోయిన కూలికి ఎవరు బాధ్యులు? సుగర్, బీపీ పదేండ్లు పట్టించుకోకపోతే కిడ్నీ పోతది. అప్పుడు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. అప్పుడు సర్కారు ఖర్చు పెడుతది. పూతకు రాకముందు పైసల్లో అయ్యే పని, గింజ రాలినంక లక్షల్లో.

బాబాసాహెబ్ బతుకే మనకు సాక్ష్యం. ఆయనకు మధుమేహం, కాళ్ల నరాల నొప్పి. రాజ్యాంగం రాసే రోజుల్లో రాత్రులు నిద్ర లేదు. 1948లో పెండ్లాడిన డాక్టర్ సవిత గారు ఆయన ఇన్సులిన్, తిండి, విశ్రాంతి దగ్గరుండి చూశారు. ఆ పట్టింపు ఉండబట్టి ఎనిమిదేండ్లు ఎక్కువ పని జరిగిందని మేము అనుకుంటం. ఇంట్ల డాక్టరు ఉన్న మనిషికే అంత కష్టమైతే, వాడలో ఉన్న ముసలమ్మకు గోళీ డబ్బా మీద ఇంగ్లీషు చదివి పెట్టేదెవరు? చదువుకున్న పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. ఒక్కొక్కరు పది ఇండ్లు పంచుకుంటే అయ్యే పని. ఏ గోళీ తెల్లారి, ఏ గోళీ రాత్రి, ఎప్పుడు అయిపోతది, కాలికి పుండు ఉందా అని వారానికోసారి చూడాలె. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్షకు పంపాలె, అది ఉచితం. క్షయ మందు మామూలుగ ఆరు నెలలు. రెండో నెలకే ఒళ్లు తేలికైందని ఆపితే లోపల వేరు మిగిలిపోతది, తర్వాత మందుకు లొంగదు. మందు వాడినన్నాళ్లు తిండికి నెలకు 1000 రూపాయలు రావాలె, 2024 నవంబరు నుంచి 500 కాస్తా 1000 అయింది. రాకపోతే అడగాలె. అది దానం కాదు.

ఇంకో చిక్కు వచ్చి పడ్డది. 2024, 2025 సంవత్సరాల్లో మన ఊళ్ల పంచాయతీలు ఒక్కొక్కటే మున్సిపాలిటీల్లో కలిసినయ్. కాగితం మీద పట్నమైనం. పట్నమైన ఊరికి గ్రామీణ ఉపాధి పని రాదు. ఇదివరకు చెరువు కట్ట మీద, బడి దగ్గర గడ్డి తీసే పనికి మస్టరు ఉండేది. ఇప్పుడు అదే పని కాంట్రాక్టరు చేతికి పోయింది. పన్ను పట్నంది, కూలి ఊరిది.

అందుకని ఈ వానాకాలం ఒక పని పెట్టుకుందాం. మొదటి వాన పడ్డ మూడో వారం, పూత రాకముందు, ప్రతి వాడలో సంఘం కూర్చోవాలె. గడ్డి తీసే ప్రతి మనిషికి రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు, నిండు చేతుల అంగీ ఇచ్చినంకనే పని అని కాంట్రాక్టరుకు, కమిషనరుకు రాతపూర్వకంగ ఇవ్వాలె, రసీదు తీసుకోవాలె. ఇప్పటికే దద్దు ఉన్నోళ్లను, దమ్ము ఉన్నోళ్లను ఈ పని నుంచి తప్పించి కూలి కోయకుండ వేరే పని ఇవ్వాలె. పంట లేని చోట, బావికి దూరంగ, లీటరు నీళ్లలో 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ ఉన్నప్పుడు కొడితే మొక్క మాడుతది. పంట భూమిలో ఉప్పు వద్దు. పీకింది పూతకు రాలేదంటే గుంటలో వేసి ఎరువు చెయ్యొచ్చు. ఖాళీ అయిన చోట తంగేడు, తగిరిస గింజలు చల్లాలె, అవి ఈ గడ్డిని లేవనియ్యవు. బతుకమ్మకు పువ్వు కూడా దొరుకుతది.

అదే రోజు ఒక నోటుబుక్కు తెరవాలె. ఒక పక్క 30 ఏండ్లు దాటిన వాళ్ల పేర్లు, బీపీ, సుగర్ ఎప్పుడు చూశారు, గోళీలు ఎన్ని రోజులకు ఉన్నయ్. ఇంకో పక్క ఊరి చెట్లలో, అడవి అంచులో కొత్తగ ఏం ఎండుతుంది, ఏ పురుగు కనబడ్డది, ఏ తేదీన. మేకల కాపరి చెప్పింది కూడా రాయాలె. ఆ బుక్కు నకలు ఒకటి ఏఎన్‌ఎం అక్కకు, ఒకటి వ్యవసాయ విస్తరణ అధికారికి, ఒకటి మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టు ఈ పేజీల్లో వేస్తం, గోళీలు రాని సబ్‌సెంటరు తేదీలతో సహా.