పొలం పూచీ పడని అప్పు

ఆర్మూరు ప్రాంతంలో మనిషి పరపతిని ఎకరాలతో కొలవడం రివాజు. ఫలానా ఆయనకు నాలుగెకరాల పసుపు ఉన్నదంటే చాలు, ఎరువుల దుకాణంలో అరువు పుడుతుంది, పిల్లకు మంచి సంబంధం వస్తుంది, బాంకిలో పంటరుణం దొరుకుతుంది. పట్టా పాసుపుస్తకం చూపిస్తే తెరుచుకోని తలుపు లేదని మనకొక నమ్మకం. ఆ నమ్మకం పిల్లల పైచదువుకు అప్పు అడగబోయిన చోట మాత్రం బెసుకుతుంది. కాలేజీల్లో సీట్లు ఇచ్చే రోజులు వచ్చాయంటే ఈ సంగతి తెలియక తల పట్టుకు కూర్చునే తండ్రులు నాకు ఏటా కనిపిస్తారు.

ఆ మధ్య ఒక రైతు నన్నే నిలదీశాడు: "భూమి ఉన్నది, కట్టాలనే నీయతు ఉన్నది. ఇంకేం గావాలె సారూ? పంటకిచ్చే బాంకోళ్లు పోరని సదువుకు ఎందుకియ్యరు?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చట్టంలో ఉన్నది. బాకీ తీరనప్పుడు కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమికి మాత్రం అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. రైతు పొలం అంత తేలికగా పోకూడదనే సదుద్దేశం అది. కాని వేలం వెయ్యలేని పొలాన్ని చదువు అప్పుకు తాకట్టు పెట్టుకోవడానికి చాలా బాంకులు ఇష్టపడవు. ఇల్లో, ఇంటి స్థలమో, ఫిక్సెడు డిపాజిట్టో, జీవిత బీమా పాలసీయో తెమ్మంటాయి. మనల్ని కాపాడే చట్టమే ఇక్కడ మనకు అడ్డు వస్తున్నదన్నమాట.

అయితే దిగులుపడనక్కరలేదు. అసలు తాకట్టే అక్కరలేని మెట్లు కొన్ని ఉన్నాయి. బాంకుల సంఘం 2001లో ఒక నమూనా పథకం తయారుచేసింది. దాని ప్రకారం 4 లక్షల దాకా తాకట్టూ లేదు, మన చేతి వాటాగా పెట్టుకోవలసిన సొమ్మూ లేదు. 4 నుంచి ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీ అడిగేవారు. 2015లో కేంద్రం రుణహామీ నిధి ఏర్పాటు చేశాక, ఆ నిధి కింద ఏడున్నర లక్షల దాకా పూచీదారు కూడా లేకుండా ఇచ్చే వీలు కలిగింది. ఏడున్నర దాటితే ఆస్తి చూపవలసిందే. 4 లక్షలు దాటిన అప్పులో మన దేశపు చదువుకైతే ఖర్చులో నూటికి 5 వంతులు, పైదేశపు చదువుకైతే 15 వంతులు మనం భరించాలి. ఆ నమూనాలో గరిష్ఠ పరిమితి స్వదేశానికి 10 లక్షలు, విదేశానికి 20 లక్షలు. ఆపైన ఇవ్వడం బాంకి ఇష్టం.

ఇక అర్హత మాట. అప్పు పుట్టేది పిల్లవాడి పేరనే. తండ్రో తల్లో తోడు సంతకం పెడతారు. ఆ సంతకం చేసినవారి పాత బాకీలు కూడా చూస్తారు గనుక, గడువు దాటిన పంటరుణం ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవడం మంచిది. అన్నిటికన్న ముఖ్యం సీటు వచ్చిన దారి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీల సీట్లలో నూటికి 70 కన్వీనరు కోటా, 30 యాజమాన్య కోటా. యాజమాన్య కోటా పిల్లవానికి అప్పు ఇచ్చినా, ప్రభుత్వం ఆమోదించిన ఫీజు మేరకే లెక్క కడతారు. డొనేషను పేరిట చేతిలో పెట్టే సొమ్ముకు ఏ బాంకీ అప్పివ్వదు. అది తెలియక సీటుకు బయానా ఇచ్చి, ఆనక వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కే కుటుంబాలున్నాయి.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో తాకట్టూ, పూచీదారూ రెండూ లేవు. కాని పేరుపొందిన సంస్థలకే అది వర్తిస్తుంది. మొదటి జాబితాలో 860 ఉన్నాయి. వరంగల్లు ఎన్.ఐ.టి. వంటివన్నమాట. యాజమాన్య కోటాకు ఇది లేదు. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న ఇంటి పిల్లలకు, వేరే ప్రభుత్వ సాయం పొందకపోతే, 10 లక్షల దాకా అప్పుపై చదువుకునే కాలంలోనూ ఆపై ఏడాదీ వడ్డీలో 3 శాతం రాయితీ ఇస్తారు. ఇది ఏటా లక్ష మందికే. ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే 2009 నుంచి ఉన్న మరో పథకం ఉంది. గుర్తింపు పొందిన సంస్థల్లో వృత్తివిద్యలు చదివేవారికి ఆ కాలపు వడ్డీ మొత్తం సర్కారే భరిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం ముందుగానే తీసి ఉంచుకోమనేది ఇందుకే. వీటన్నిటికీ ముందు ఫీజు రీయింబర్సుమెంటుకు అర్హత ఉన్నదేమో చూసుకోండి. అది తిరిగి కట్టనక్కరలేని సొమ్ము.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. నాలుగేళ్ల చదువుకు ఏడున్నర లక్షలు, ఏటా సమానంగా తీసుకున్నామనుకుందాం. వడ్డీ నూటికి 10 అనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఆపై ఒక ఏడాది వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం నడుస్తుంది. బారువడ్డీ లెక్కనే అది 2,62,500 అవుతుంది. అంటే కట్టడం మొదలుపెట్టేనాటికి బాకీ 10,12,500. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,400 రూపాయలు. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 10,900 చాలు. కాని మొత్తం కట్టేది పదహారు లక్షల నుంచి పందొమ్మిదిన్నర లక్షలకు పెరుగుతుంది. అదే చదువుకునే రోజుల్లో వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే పదేళ్ల వాయిదా 9,900కు దిగుతుంది. మొదటి ఏడు ఆ వడ్డీ నెలకు 1,560 రూపాయలే.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాదు యార్డుకు చేర్చేదాకా ధర ఎంతో తెలియదు. ఆ ధర కోసమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీకి నిలిచారు, అందులో అత్యధికులు రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఆ ఊళ్లోనే ఆరంభమైంది. అయినా ధర మన చేతిలోది కాదు. ఆ ఒడుదుడుకుల రాబడిని నమ్ముకుని పదేళ్ల వాయిదాకు మాట ఇవ్వడం సాహసమే. వాయిదా తీరవలసింది పిల్లవాడి జీతంతో.

కాబట్టి బాంకి ఎంత ఇస్తుందని అడగడానికి ముందు, ఆ కాలేజీలో ఆ చదువు చదివి నిరుడు బయటికి వచ్చిన పిల్లలకు ఎంత జీతాలు వచ్చాయో నలుగురిని విచారించండి. కాలేజీవారు గోడకు అంటించిన అంకె కాదు, మామూలు విద్యార్థికి వచ్చిన జీతం. అందులో మూడోవంతు కన్న వాయిదా పెరిగితే అప్పు తగ్గించుకోవడమో, కాలేజీ మార్చుకోవడమో ఆలోచించాలి. ఈ లెక్క పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే వెయ్యండి. సంతకం వాడిది, కట్టవలసిన వాడూ వాడే. సీటుకు డబ్బు కట్టకముందే ఈ పని ముగించండి.